పన్నెండు పేర్ల కాఫీ పొట్లం

గల్ఫ్‌లో కొత్తగా ఉద్యోగానికి వెళ్లబోయే పిల్లలు నన్ను సలహా అడిగితే నేను చెప్పేది ఒక్కటే. ప్రతిదీ రాసిపెట్టండి. రాసిపెట్టినదాన్ని అప్పుడప్పుడు చదవండి కూడా. ఈ సలహాలో మొదటి సగాన్ని నేను ఇరవై ఆరేళ్లు తప్పకుండా పాటించాను. రెండో సగాన్ని పాటించని పాపానికి, ఒక ఉదయం కువైట్‌లోని ఫింటాస్‌లో ఒక పెద్ద దుకాణం మొత్తం, గుమాస్తాలతో, కొనడానికి వచ్చినవాళ్లతో, సగం నిండిన ట్రాలీలతో సహా పార్కింగ్‌లోకి వచ్చి నిలబడింది. నా ఉద్యోగ జీవితంలో అంతటి తప్పు మరొకటి లేదు. అంత ఆనందంగా గడిచిన రోజూ మరొకటి లేదు.

అక్కడ ప్రతి పేటకూ ఒక సహకార సంఘం ఉంటుంది. జమియా అంటారు. ఆ పేటలో ఉండే కువైటీలు వాటాదారులు. బియ్యం మొదలుకొని బల్బుదాకా అన్నీ అందులోనే దొరుకుతాయి. చమురు దేశంలో సొంత లాభం తప్ప మరో మాట వినిపించదనుకొని విమానం ఎక్కిన నాకు, ఉప్పూ పప్పూ సహకార సంఘంలో కొనుక్కునే జనం కనిపించారు. అలాంటి ఒక జమియా గోదాములో నేను స్టోర్‌కీపర్‌ని. మాది జగిత్యాల దగ్గర పల్లె. మా నాయన చేనేత సహకార సంఘంలో గుమాస్తా. సహకారం మీద నమ్మకమూ, రిజిస్టరు మీద వ్యామోహమూ నాకు ఆయన నుంచే వచ్చాయి.

గోదాములోకి ఒకే నెలలో ఇద్దరు కొత్తవాళ్లు వచ్చారు. ఒకడు ఘనా దేశస్థుడు, ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు. రెండో మనిషి ఇథియోపియా ఆవిడ. ఎనిమిదేళ్లు ఒక కువైటీ ఇంట్లో పనిచేసి, ‘మామా’ అని పిలిచే ఆ ఇంటి యజమానురాలి మంచితనం వల్ల అకామా, అంటే నివాస అనుమతి, మార్పించుకొని, మా దగ్గర కూరగాయలు పొట్లాలు కట్టే పనికి చేరింది. వాళ్ల పేర్లు నాకు నోరు తిరగలేదు. అందుచేత హాజరు పట్టీలో ఇంగ్లీషులో ‘ఆఫ్రికా-1’, ‘ఆఫ్రికా-2’ అని రాసుకున్నాను. ఇందులో తప్పేమీ నాకు కనిపించలేదు. అదే అసలైన తప్పు. ఆవిడ నా భుజం మీదుగా తొంగి చూసింది.

“బాబా, మరి మీ ఖండంలో మీరు ఎన్నో నంబరు?” అంది.

ముందు నాకు కోపం వచ్చింది. నా రిజిస్టరును నా అనుమతి లేకుండా చదవడమేమిటని. తర్వాత ఆ సాయంత్రమంతా ఆ ప్రశ్నకు జవాబు వెతికాను. మర్నాడు రెండు పేర్లూ అక్షరం అక్షరం అడిగి రాసుకొని, పాతవాటిని ఎర్ర సిరాతో కొట్టివేసి, పక్కన సంతకం చేశాను. తప్పు దిద్దుకోవడమైనా పద్ధతి ప్రకారం జరగాలి కదా.

మా మధ్య నడిచింది ఇంగ్లీషు, హిందీ, అరబ్బీ కలిసిన గోదాము భాష. ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను. టీ విరామంలో వాళ్లిద్దరూ రోజూ పోట్లాడుకునేవారు. జీతం గురించో సెలవు గురించో కాదు. నల్లవాళ్ల దేశాలు బాగుపడాలంటే సొంత యజమానులు కావాలా, ఉమ్మడి ఆస్తి కావాలా అన్నదాని గురించి. ఇంత పెద్ద వాదం రాతలో లేకుండా గాలికి పోవడం నేను సహించలేకపోయాను. ఒక కొత్త రిజిస్టరు తెరిచాను.

ఘనా డ్రైవరు వాదం ఇది. “మా తాతల కాలంలో మా పట్నం పక్కన ప్రభుత్వం ఒక ఫ్యాక్టరీ కట్టింది, చీఫ్. ఇది అందరిదీ అన్నారు. అందరిదీ కాబట్టి యంత్రానికి నూనె వేసే పని ఎవరిదీ కాలేదు. ఇప్పుడు దాంట్లో మేకలుంటున్నాయి. మా అమ్మ బజార్లో ఒక్కతే గుడ్డల కొట్టు పెట్టి ఐదుగురిని చదివించింది. ఏ మేకా లోపలికి రాలేదు.”

ఇథియోపియా ఆవిడ జవాబు ఇది. “మా తాత భూమిని కూడా ప్రభుత్వం అందరిదీ అని తీసుకుంది. ఆ ‘అందరూ’ అనేవాడు ఎట్లా ఉంటాడో మా తాత చచ్చిపోయేదాకా చూడలేదు. అందుకే నేను ‘అందరి’ మాట ఎత్తను. మా అమ్మతో కలిపి పన్నెండు మంది ఆడవాళ్లు. వాళ్ల చెట్లు, వాళ్ల కాఫీ. ఎవరి కూరలో ఉప్పెక్కువో కూడా నాకు తెలుసు. అది ప్రభుత్వం కాదు. మా వీధి.”

“మీ వీధి కొట్టు తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?”

“పన్నెండు మంది దగ్గరా.”

“అయితే దొంగ రావాల్సిన పనే లేదు.”

ఈ దశలో నేను కలగజేసుకొని, సహకారోద్యమం గురించి అరగంట ఉపన్యసించాను. మా ఊరి చేనేత సంఘాన్ని ఉదాహరణగా చూపించాను. ఇద్దరూ ఓపిగ్గా విన్నారు. చివర్లో ఆవిడ, ఆ సంఘం ఇప్పుడెలా నడుస్తోందని అడిగింది. మూతపడి చాలా ఏళ్లయిందనీ, అయితే దాని మినిట్స్ పుస్తకం మాత్రం నా దగ్గర భద్రంగా ఉందనీ చెప్పాను. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్లిద్దరూ ఒక విషయంలో ఏకీభవించడం నేను మొదటిసారి అప్పుడే చూశాను.

మాకు టీ పెట్టి, గోదాము ఊడ్చే కడప అక్క కప్పులు తీసుకుపోతూ, “దేశాలు బాగుపడేది ఎప్పుడోగానీ అన్నా, నా టీ మాత్రం దినామూ సల్లారిపోతాంది,” అనేది. ఆ మాట కూడా రిజిస్టరులో ఉంది.

వాళ్లిద్దరూ రెండోసారి ఏకీభవించింది ఒక కాఫీ డబ్బా దగ్గర. యూరప్ నుంచి వచ్చిన సరుకు దించుతుండగా ఆవిడ ఒక డబ్బా చేతిలోకి తీసుకొని మా ఇద్దరికీ చూపించింది. దాని మీద ఉన్నది ఆవిడ కొండల పేరు. గింజ ఆవిడ ఊరి వైపుది, డబ్బా యూరప్ వాళ్లది, ముద్ర వాళ్లది, ధర వాళ్లది. ఘనా డ్రైవరు వెళ్లి పక్క వరుసలోంచి ఒక చాక్లెట్ తెచ్చి ఆ డబ్బా పక్కన పెట్టాడు. అందులోది అతని దేశపు కోకో. ఈ సరుకంతా ఇన్నేళ్లూ నా చేతుల మీదుగా అరల్లోకి ఎక్కింది. ఎక్కడినుంచి వచ్చిందన్న గడిలో నేను ఏనాడూ యూరప్ తప్ప మరొకటి రాయలేదు. ఆ రోజు నాకు నా మీద వచ్చినంత కోపం ఎవరి మీదా రాలేదు.

ఆ కోపంలోనే నేనొక దరఖాస్తు రాశాను. పన్నెండు మంది ఆడవాళ్లు తామే వేయించి, తామే కట్టిన కాఫీకి మా జమియాలో ఒక అర ఇవ్వాలని. కొనుగోలు కమిటీ ఒక్క ఉత్తరం ఇస్తే చాలు, మాకు ఎప్పుడూ కాఫీ తెచ్చే దిగుమతిదారు తెప్పిస్తానన్నాడు. కమిటీ రుచి చూడటానికి ఒప్పుకుంది. ఆవిడ ఆ సంతోషంలో ఊరికి ఫోన్ చేసి, ఈ ఏటి గింజలు వ్యాపారికి పచ్చివి అమ్మవద్దని తల్లితో చెప్పేసింది. మొత్తం పన్నెండు ఇళ్లూ బస్తాలు ఆపుకొని కూర్చున్నాయి. కమిటీ కాదంటే, ఆలస్యమైన గింజను ఆ వ్యాపారి ఎంతకు అడిగితే అంతకు వదులుకోవాలి. ఈ సంగతి విన్న దగ్గర్నుంచి ఘనా డ్రైవరుకు తిండి సహించలేదు.

“నేనైతే ముందు ఉత్తరం తెచ్చుకొని, తర్వాత ఫోన్ చేసేవాణ్ని,” అని తనలో తను గొణుక్కుంటూ పొట్లం మీద అంటించే చీటీ తయారు చేశాడు. బ్రహ్మాండంగా ఉంది. కొండ బొమ్మ, పైన పెద్ద అక్షరాలతో ఆవిడ పేరు ఒక్కటే. సరుకుకు ఒక ముఖం ఉండాలని అతని సిద్ధాంతం. ఆవిడ చీటీ వెనక్కి తిప్పి, పన్నెండు పేర్లూ ఉండాల్సిందేనంది. పన్నెండు పేర్లు చదివేలోపు కొనేవాడు ముసలివాడైపోతాడని అతను. అయితే ముసలివాళ్లే కొంటారని ఆవిడ. ఈ తగువు ఆరు వారాలు సాగింది. రోజూ అతను ఆ పేర్ల జాబితా చేతిలో పట్టుకొని, ఇది తీసేయొచ్చు, వీళ్లిద్దరూ అక్కచెల్లెళ్లు కాబట్టి ఒకటి చాలు అని బేరమాడేవాడు. ఒక్క పేరూ తగ్గలేదు.

ఇక నా వంతు. ఇథియోపియా వాళ్లకు కాఫీ అంటే కప్పులో పోసి ఇచ్చేది కాదు. అతిథుల ముందే పచ్చి గింజలు కడిగి, పెనం మీద వేయించి, ఆ పొగను ఒక్కొక్కరికీ చూపించి, దంచి, మట్టి కూజాలో కాచి, మూడు విడతలు పోయాలి. మూడోది తాగకుండా లేవడం మర్యాద కాదు. దీనికి ఆవిడ అడిగిన సమయం గంటన్నర. కమిటీ ఇచ్చింది పదిహేను నిమిషాలు. నేను రెండింటికీ రాజీగా పద్నాలుగు నిమిషాల ప్రణాళిక ఒకటి రాశాను. ‘గింజలు వేయించుట, నాలుగు నిమిషాలు. పొగ చూపించుట, ఒక నిమిషం.’ నేల మీద పచ్చగడ్డి పరవాలంది ఆవిడ. కువైట్‌లో గడ్డెక్కడిది? వాడిపోయిన కొత్తిమీర ఆరు కట్టలు స్టోరులోంచి వోచరు రాసి ఇచ్చాను. కరెంటు పొయ్యి, బొగ్గుల కుంపటి, సాంబ్రాణి, అన్నింటికీ రిజిస్టరు కుడి పేజీలో లెక్క ఉంది.

ఎడమ పేజీలో ఏముందో ఇప్పుడు చెప్పాలి. దుకాణమూ గోదామూ కలిసి ఉన్న మా భవనంలో ఫైర్ అలారం పనిచేసేది కాదు. మూడు డ్రిల్లుల్లోనూ మోగలేదు. నేను పద్నాలుగు నెలల్లో తొమ్మిది ఉత్తరాలు రాశాను. మా ముదీర్, అంటే మేనేజరు, ఈజిప్టు మనిషి, ప్రతి ఉత్తరమూ పుచ్చుకొని ‘బుక్రా’ అనేవాడు. రేపు అని అర్థం. ఏ రేపో చెప్పేవాడు కాదు. తొమ్మిదో ఉత్తరంలో నేను వాడిన భాషకు తట్టుకోలేక చివరికి మనుషుల్ని పిలిపించాడు. రుచి చూసే రోజుకు ఐదు రోజుల ముందు కొత్త అలారం బిగించారు. ‘పొగను చక్కగా పసిగడుతోంది’ అని నేనే రాసి సంతకం చేశాను.

ఎడమ పేజీలో పొగను పసిగట్టే అలారం. కుడి పేజీలో పొగ చూపించుట, ఒక నిమిషం. పుస్తకం మూస్తే రెండూ ఒకదాన్నొకటి తాకుతూనే ఉన్నాయి. నేను మాత్రం గమనించలేదు.

చలికాలం ఉదయం. కమిటీ ముగ్గురూ మేడ మీది గదికి వచ్చారు. వారిలో పెద్దాయన తెల్లటి పొడుగు అంగీ, దిష్‌దాషా మీద గోధుమరంగు ఉన్ని కోటు వేసుకొని, గడియారం చూసుకుంటూ కూర్చున్నారు. ఆవిడ అంచు కుట్టిన తెల్లబట్టలు కట్టుకొని గింజలు కడిగింది. పెనం మీద అవి చిటపటలాడాయి. గది నిండా వాసన లేచింది. సాంబ్రాణి ఒకవైపు, కాఫీ ఒకవైపు. ఆవిడ పెనం ఎత్తి పెద్దాయన ముందు నెమ్మదిగా ఊపింది. ఆయన కళ్లు మూసుకొన్నారు. నేను గుమ్మం దగ్గర గడియారం పట్టుకొని నిలబడ్డాను. ఐదో నిమిషం. సరిగ్గా ప్రణాళిక ప్రకారం.

అలారం మోగింది.

నాకు ముందుగా భయం కలగలేదు. గర్వం కలిగింది. పద్నాలుగు నెలలు, తొమ్మిది ఉత్తరాలు. ఎంత గట్టిగా, ఎంత నిర్దుష్టంగా మోగుతోంది! రెండో క్షణంలో తెలిసింది ఎందుకు మోగుతోందో. మెట్ల మీద ముదీర్ ఎదురయ్యాడు.

“ఉస్తాద్, ఇది నీ అలారమేనా?”

“నాదే,” అన్నాను. ఏం చెప్పను?

నియమం ప్రకారం అలారం మోగితే ఎవరూ ఏమీ చేతబట్టుకోకుండా బయటికి నడవాలి. ఆ నియమం నేనే గోడకు అంటించాను. నా వెనక ఆవిడ పెనంతో, ఘనా డ్రైవరు ఒక చేతిలో కుంపటి, ఒక చేతిలో కూజాతో, కడప అక్క కొంగునిండా కొత్తిమీరతో, చంకన రోలూ కప్పులూ ఉన్న బుట్టతో దిగారు. నియమాన్ని పాటించింది నేనొక్కణ్నే. అందువల్ల నా రిజిస్టరు, కమిటీకి చదివి వినిపించడానికి రాసుకున్న మూడు పేజీల నివేదిక, నా ప్రణాళిక, అన్నీ మేడ మీదే ఉండిపోయాయి.

“ఇదేందవ్వా, గిదంతా ఎందుకు మోసుకొచ్చినవ్?” అని కడప అక్కను గద్దించాను.

“నడిమిట్ల ఆపితే మంచిది కాదంట అన్నా. ఆయమ్మ సెప్పింది. జరుగు, పరచాల,” అంది.

పార్కింగ్‌లో రెండు కార్ల మధ్య కొత్తిమీర పరుచుకుంది. ఘనా డ్రైవరు టమాటా డబ్బాలు బోర్లించి ముగ్గురు పెద్దమనుషుల్నీ కూర్చోబెట్టాడు. ఆవిడ రోట్లో గింజలు దంచడం మొదలుపెట్టింది. ఆ చప్పుడుకు ట్రాలీలన్నీ అటే తిరిగాయి. నేను సిబ్బందిని లెక్కపెట్టాను. ఇద్దరు ఎక్కువ వచ్చారు. మళ్లీ లెక్కపెట్టాను. ఏడుగురు ఎక్కువ. సామాను కొనడానికి వచ్చినవాళ్లు మా వరసలో నిలబడి కప్పులకు చేతులు చాస్తున్నారు. అగ్నిమాపక బండి వచ్చింది. పైకి వెళ్లి చూసి వచ్చి, నిప్పు లేదన్నారు. ఒకాయన శిరస్త్రాణం తీసి, ఆ వాసన ఎక్కడిదని అడిగాడు. అతనికీ ఒక కప్పు.

పెద్దాయన మొదటి కప్పు తాగి, ఖాళీ కప్పును వేళ్ల మధ్య అటూ ఇటూ ఊపారు. ఇక చాలని కువైటీలు చెప్పే పద్ధతి అది. ఎనిమిదేళ్లు కువైటీ ఇంట్లో కాఫీ పోసిన మనిషికి ఆ సంగతి తెలియదా? బాగా తెలుసు. ఆవిడ చూడనట్టే రెండోది పోసింది. ఆయన ఆశ్చర్యపోయి తాగారు. మళ్లీ ఊపారు. మూడోది పోసింది. ఈసారి ఆయన నవ్వారు.

“ఈ వ్యాపారం ఎవరిది?” అని అడిగారు.

జవాబు నా నివేదిక రెండో పేజీలో ఉంది. నివేదిక మేడ మీద ఉంది. నేను మెట్ల వైపు తిరిగాను. అప్పుడు ఘనా డ్రైవరు ముందుకు వచ్చాడు. ఒక్క పేరు చాలని ఆరు వారాలు కొట్లాడిన మనిషి, చేతిలో కాగితం ముక్క లేకుండా, తడుముకోకుండా, పన్నెండు పేర్లూ చెప్పాడు. తీసేయమని రోజూ చదివీ చదివీ అతనికి నోటికి వచ్చేశాయి. అక్కచెల్లెళ్లిద్దరినీ విడివిడిగానే చెప్పాడు. ఆవిడ కూజా వంచి అతనికి ఒక కప్పు పోసింది.

పెద్దాయన ధర అడిగారు. ఎన్నాళ్లుగానో శుక్రవారం శుక్రవారం గోదాము మొత్తానికీ ఊరికే కాఫీ పోసిన ఆవిడ, ఒక ధర చెప్పింది. ఆయన తగ్గించమన్నారు. తగ్గలేదు. కొంచెమైనా అన్నారు.

“నేనొక్కదాన్నే అయితే తగ్గించేదాన్ని, బాబా. పన్నెండు మందినీ అడగాలి. వాళ్లిప్పుడు తోటలో ఉంటారు, ఫోన్ ఎత్తరు,” అంది.

ఘనా డ్రైవరు నా చెవి దగ్గరకు వంగి, “చీఫ్, ఇది నేను నేర్పలేదు,” అన్నాడు. అతని గొంతులో అసూయ ఉంది.

పెద్దాయన, తమ తాత పడవలో దుంగల కోసం ఆఫ్రికా తీరానికి వెళ్లేవాడనీ, తిరిగొచ్చాక లాభాన్ని పడవలోని వాళ్లందరికీ వాటాలు వేసేవారనీ, పడవ యజమానికి మాత్రం పెద్ద వాటానేననీ చెప్పారు. ఈ కథ ఏ పక్షానికి సాక్ష్యమో మా వాళ్లిద్దరూ వెంటనే వాదించుకోవడం మొదలుపెట్టారు. ఆయన వింటూ నాలుగో కప్పు తనే అడిగి తాగారు. నాలుగో విడత ఆచారంలో లేదట. ఆవిడ పోసింది.

ఉత్తరం మూడు వారాలకు వచ్చింది. ఆ మూడు వారాలూ ఫోన్ మోగినప్పుడల్లా ఆవిడ చేతిలో కీరకాయ కింద పడేది. ఉత్తరం నేను చదివి వినిపించాను. ఆవిడ దాన్ని తీసుకొని, అరబ్బీ చదవడం రాకపోయినా, సంతకం ఉన్నచోట వేలుపెట్టి చాలాసేపు చూసింది. తర్వాత ఊరికి ఫోన్ చేసింది. అవతలి నుంచి ఎంతమంది ఒక్కసారి మాట్లాడారో లెక్కపెట్టలేకపోయాను. లెక్క తప్పినందుకు నేను సంతోషించిన సందర్భం అదొక్కటే.

ముదీర్ నన్ను పిలిచి, అలారం ఎందుకు మోగిందో నివేదిక ఇవ్వమన్నాడు. ‘అలారం బాగా పనిచేయుటవలన’ అని రాసిచ్చాను. ఇకపై ఉత్తరాలు రాయవద్దన్నాడు. ఆ ఆదేశం రాతపూర్వకంగా ఇవ్వమని కోరాను. బుక్రా అన్నాడు.

వేసవికి ముందే సరుకు వచ్చింది. చీటీ ముందువైపు అతని కొండ, వెనకవైపు ఆవిడ పట్టుబట్టిన పన్నెండు పేర్లు. రెండోసారి వచ్చిన సరుకులో పేర్లు పదమూడయ్యాయి. ఊళ్లో ఎవరింటికో కోడలు వచ్చిందట. చీటీలన్నీ మళ్లీ అచ్చువేయించాలని ఘనా డ్రైవరు మండిపడ్డాడు. కంపెనీ అయితే ఇలాంటివి జరగవన్నాడు.

“కంపెనీ అయితే కోడలికి జీతం ఇస్తుంది. పేరు ఇవ్వదు,” అంది ఆవిడ.

మర్నాడు అతను తల్లికి ఫోన్ చేసి, బజారులో గుడ్డల కొట్లున్న ఆడవాళ్లు ఎంతమంది, వాళ్లలో కోకో తోటలున్న ఇళ్లు ఎన్ని అని విచారిస్తుంటే విన్నాను. నన్ను చూసి, ఇది సంఘం కాదు, కంపెనీయే అని ముందే చెప్పాడు. నేను అడగలేదు. రాసుకున్నానంతే.

వాదంలో ఎవరు గెలిచారన్న గడి నా రిజిస్టరులో ఖాళీగానే ఉంది. ఈ జ్ఞాపకంలో నేను ఎవరి పేరూ రాయలేదు. సహోద్యోగుల అనుమతి లేకుండా పేర్లు రాయకూడదన్నది నా నియమం. ఆ ఆడవాళ్ల పేర్లు తెలుసుకోవాలనుంటే మాత్రం దానికి నేను అక్కర్లేదు. మీరు కువైట్ వెళ్లినప్పుడు, జమియాలో కాఫీ అర దగ్గర ఆగి, పొట్లం వెనక్కి తిప్పండి.